వీపు మీద అరచెయ్యి

పిన్ని తెల్లవారుతూనే లేచి, నిలబడే అన్నం తిని, నిలబడే జడ వేసుకుంది. ఒకసారి కూర్చుంటే మళ్లీ లేవలేనేమోనని ఆమె భయం. నగరంలో ఒక హోటల్ బట్టలుతికే చోట రోజంతా దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఆ పనీ నిలబడే. సాయంత్రం బస్సు దిగేటప్పటికి పాదాలు చెప్పుల్లో పట్టవు. చెప్పులు చేత్తో పట్టుకుని గేటు నుంచి గది దాకా నడిచి వస్తుంది.

"చూడు పిల్లా, ఇవాళ అటవీశాఖ పెద్ద మేడమ్ వస్తుందట. పడవెక్కి అంతా చూస్తుందట. వీపు మీంచి చెయ్యి తియ్యకు" అంది నాతో.

"సరే పిన్నీ."

"సరే అంటే చాలదు. నీ చూపు గట్ల మీద ఉండాలి. ఆవిడ మొహం మీద కాదు. కునుకు తియ్యకు."

"ఊఁ."

"నువ్వేం మాట్లాడక్కర్లేదు. నీకు నచ్చిన ఉద్యోగమే కదా."

బాబాయి గుమ్మంలో కూర్చుని పడవ తాడు చుట్టుకుంటున్నాడు. "దాన్నెందుకే పొద్దున్నే హడలగొడతావు" అన్నాడు.

"మీ సంగతి మీరు చూసుకోండి. తల అటూ ఇటూ తిప్పుతూ ఉండండి. మొన్న కొయ్యబొమ్మలా కూచున్నారట. టిక్కెట్లిచ్చే ఆ రేడియో అంటున్నాడు."

"వాడు అననిది ఏముంది?"

పిన్ని నవ్వలేదు. బస్సు వేళయిందని వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక గదిలో తడి బట్టల వాసన, బురద వాసన మిగిలాయి. పోటు తగ్గినప్పుడల్లా అక్కడ బురద వాసన వస్తుంది. ఉప్పుగాలికి తలుపు గొళ్లెం కూడా పొలుసులు లేచిపోయింది. అయినా ఆ గది అంటే పిన్నికి ప్రాణం. పడవ నడిపేవాడికి ఇచ్చే గది అది. పడవ ఉన్నన్నాళ్లే గది. నగరంలో ఇంకో గది చూసుకోవాలంటే పిన్ని జీతానికి గది మూల కూడా రాదు.

నది సముద్రంలో కలవబోయే ముందు వెడల్పుగా పరుచుకున్న చోటు అది. మడ చెట్లు, బురద మేటలు, ఇసుక దిబ్బలు. అటువైపు చూస్తే నగరంలోని మేడలు, ఓడరేవు క్రేన్లు కనపడతాయి. ఇటువైపు పక్షులు. పక్షుల కోసమని ఆ నీళ్లన్నిటికీ కంచె వేసి, టిక్కెట్టు కొని పడవ ఎక్కినవాళ్లు తప్ప ఎవరూ రాకూడదని ప్రభుత్వం బోర్డు పెట్టింది. గేటు దగ్గర ఇంకో బోర్డు ఉంది. 'నిశ్శబ్దం పాటించండి' అని. మా ఊళ్లో బళ్లో టీచర్లందరూ నన్ను మాట్లాడమని పోరినవాళ్లే. మాట్లాడకపోవడమే మర్యాద అనే చోటును చూడటం నాకు అదే మొదటిసారి. పరీక్షలయ్యాక పిన్నికి ఇంటిపనిలో సాయంగా ఉండమని అమ్మ పంపితే వచ్చాను. వచ్చిన వారానికే ఈ రెండో పని నా మీద పడింది.

బాబాయి కళ్లకు నీటికాసులు. ఆ జబ్బులో ముందు పక్కచూపు పోతుందట. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోండి అన్నాడట కళ్ల డాక్టరు. ఎదురుగా ఉన్నది బాబాయికి బాగానే కనపడుతుంది. పిన్నికి సూదిలో దారం ఆయనే ఎక్కిస్తాడు. కానీ కాలి పక్కనున్న బక్కెట్టు తన్నుకుంటాడు. "పక్కలు కొంచెం తగ్గాయి, అంతే" అంటాడు.

పడవలో చివర చుక్కాని పట్టుకుని ఆయన కూర్చుంటే, వచ్చినవాళ్లు ముందు వైపు తిరిగి కూర్చుంటారు. పక్షి ఎటు ఉందో ఆయనే చూసి చెప్పాలి. ఒకరోజు మడ చెట్టు మీద లకుముకిపిట్ట కనపడితే, పైకి చెప్పడానికి సిగ్గుపడి ఆయన చొక్కా లాగాను. సాయంత్రం బాబాయి నవ్వుతూ ఆ సంగతి చెప్పాడు. పిన్ని నవ్వలేదు. గోరంత కూడా నవ్వకుండా, అన్నం పళ్లెం పక్కన పెట్టి, నన్ను ఆయన పక్కన కూర్చోబెట్టి అంతా నేర్పింది. కుడి భుజం కింద ఒక వేలు ఆనిస్తే కుడివైపు ఒక పిట్ట. ఎడమన అయితే ఎడమ. అరచెయ్యి మొత్తం ఆనిస్తే గుంపు. గుంపయితే ఆయన పడవను కొంచెం అటు తిప్పి, మోటారు వేగం తగ్గించి, "అటు చూడండి" అంటాడు.

అది బాగానే సాగింది. "ఎంత చూపండీ మీది" అని కొందరు మెచ్చుకునేవాళ్లు కూడా. అప్పుడు బాబాయి నవ్వేవాడు. నా చెయ్యి కిందున్న వీపు మాత్రం బిగుసుకుపోయేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రెండు గట్లూ వెతికి వెతికి రాత్రి కళ్లు మూసుకున్నా నాకు నీళ్లే కదిలేవి. పడవ తిరగబడితే ఏమవుతుందని ఒక్కోసారి అనిపించేది. పిన్ని పాదాలు చూశాక ఆ మాట ఎవరితో అంటాను?

పెద్ద మేడమ్ జీపు దిగేసరికి ఎండ ముదిరింది. పెద్ద మేడమ్ అంటే వయసులో పెద్దది అనుకున్నాను. కాదు, మా లెక్కల టీచరంత ఉంటుంది. ఆ ఉదయం ఇంకెక్కడెక్కడో తిరిగి వచ్చినట్టుంది, బూట్లకు ఎర్రమట్టి ఉంది. మాటమాటకీ ఆవలింత ఆపుకుంటోంది.

"ఈ అమ్మాయి ఎవరు?"

"మా ఆవిడ అక్క కూతురు మేడమ్. సెలవులకి వచ్చింది" అన్నాడు బాబాయి.

"పడవలో ఎందుకు?"

బాబాయి తడుముకున్నాడు. టిక్కెట్లు ఇచ్చే ఆయన అందుకున్నాడు. ఆయన్నే అందరూ రేడియో అంటారు. నిద్రలో కూడా మాట్లాడతాడని వాళ్లావిడ చెప్పిందట. "బరువు కోసం మేడమ్. వెనక తేలికైతే ముక్కు నీళ్లు తాగుతుంది."

"ఈ పిల్ల బరువుకా?"

"చూడ్డానికలా ఉంది గానీ మౌనస్వామి మేడమ్. లోపల మాటలన్నీ పేరుకుపోయి ఉన్నాయి. వాటి బరువు."

మేడమ్‌కి కాస్త నవ్వొచ్చింది. నేను తల దించుకుని నా చోట కూర్చున్నాను. రేడియోకి బాబాయి సంగతి తెలుసో లేదో మాకు తెలియదు. తెలిస్తే ఈపాటికి నగరానికంతా తెలిసిపోయేది అనేది పిన్ని.

టిక్కెట్టు కొన్నవాళ్లు ఆరోజు ఇద్దరే. ఒక మామ్మగారు, మెడలో కెమెరా వేసుకున్న ఆవిడ కొడుకు. మామ్మగారు పడవలో అడుగు పెడుతూనే అడిగింది.

"పులి ఉందా బాబూ?"

"లేదమ్మా" అన్నాడు బాబాయి.

"మొసలి?"

"లేదండి. పక్షులు."

"పక్షులకి ఇంత కంచె ఎందుకు? ఎవరినించి రక్షణ?"

"మననించే మామ్మగారూ" అన్నాడు రేడియో.

"నేనేం చేశాను నాయనా, మోకాళ్లు వంగని దాన్ని!"

"అమ్మా, నిశ్శబ్దం అని రాసుంది" అన్నాడు కొడుకు.

"నువ్వు ఇంట్లో మాట్లాడవు, ఇక్కడ మాట్లాడనివ్వవు."

పడవ కదిలింది. రేడియో ముందు వైపు గడ కర్ర పట్టుకుని కూర్చున్నాడు. మేడమ్ మధ్య బల్ల మీద, ఆమె వెనక మామ్మగారు, కొడుకు. చివర బాబాయి, నేను. రేవు దాటుతుండగా రేడియో వెనక్కి తిరిగి, "దిబ్బ దగ్గర గుంజలు నిన్న బయటికి జరిపాం, చెప్పాగా. చూసుకో" అన్నాడు.

"చూస్తాలే" అన్నాడు బాబాయి.

ఆ మాట నేనూ విన్నాను. ఇసుక దిబ్బ మీద రేవుపిట్టలు గుడ్లు పెట్టే కాలం అది. గూడు లేదు ఏమీ లేదు, ఒట్టి ఇసుకలో పెడతాయి. మనుషులు దగ్గరికి పోకుండా దిబ్బ చుట్టూ నీళ్లలో గుంజలు పాతి, వాటికి ఎర్రగుడ్డలు కడతారు. ఈ ఏడు ఇసుక జరిగి దిబ్బ పెరిగింది. పిట్టలు కొత్త ఇసుక మీద, పడవ దారి వైపు గుడ్లు పెట్టాయి. అందుకని ముందురోజు, పడవకు సెలవు రోజు, గుంజలు జరిపారు. పిట్టకు వేలు, గుంపుకు అరచెయ్యి. మరి గుంజకు ఏమిటని మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు.

మొదట అంతా మామూలుగానే జరిగింది. ఎడమవైపు మడ వేళ్ల మధ్య ఒక నారాయణపక్షి. వేలు ఆనించాను. "ఎడమవైపు, చెట్టు మొదట్లో చూడండి" అన్నాడు బాబాయి. కొడుకు కెమెరా ఎత్తాడు. కుడివైపు ఎండు కొమ్మ మీద నీటికాకి రెక్కలు ఆరేసుకుంటోంది. వేలు. "కుడివైపు" అన్నాడు.

"ఇదేంటి, కాకి బట్టలారేసుకున్నట్టుంది" అంది మామ్మగారు.

మేడమ్ చప్పట్లు కొట్టినంత పని చేసింది మొదట్లో. తర్వాత మోటారు చప్పుడుకీ ఎండకీ ఆమె తల వాలిపోయింది. గడ్డం మెడకు ఆని నిద్రపోయింది. అది చూసి బాబాయికి చెప్పాలనుకున్నాను, కానీ దానికీ మా దగ్గర గుర్తు లేదు. నాకూ కళ్లు మంటలు. రెప్ప వాలితే పిన్ని గొంతు వినపడుతోంది.

మలుపు తిరిగాక దిబ్బ కనపడింది. తెల్లగా ఉంది. ఇసుక తెలుపు కొంత, పిట్టల తెలుపు కొంత. "అమ్మా, ఇప్పుడు మెల్లగా పోదాం" అన్నాడు బాబాయి. ఈ చోటు గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారుతుంది. "తల్లీ తండ్రీ వంతులేసుకుని గుడ్ల మీద నిలబడతాయి. పొదగడానికి కాదండి, నీడ కోసం. అవి లేస్తే ఈ ఎండకి గుడ్లు ఉడికిపోతాయి. పైన సముద్రపు కాకులు కాచుకుని ఉంటాయి. అందుకని మనం దగ్గరికి పోం. ఇక్కణ్నించే చూడాలి."

"పాపం, మా ఆయన ఎప్పుడూ నాకు గొడుగైనా పట్టలేదు" అంది మామ్మగారు. ముందున్న రేడియో కూడా వెనక్కి తిరిగి నవ్వాడు.

అప్పుడు చూశాను. కుడివైపు, పడవకు దగ్గరగా, ఎర్రగుడ్డ. దాని ముందు ఇంకోటి. పడవ ముక్కు ఆ రెండిటి మధ్యకు పోతోంది. బాబాయి పాత దారిలోనే పోతున్నాడు, మొన్నటిదాకా ఆ దారి గుంజలకు బయట ఉండేది. ఇప్పుడు లోపల ఉంది.

చెప్పాలి. నోరు తెరిచాను. ముందు మేడమ్ వీపు, ఆమె యూనిఫాం, కెమెరా కొడుకు, అందరూ. మళ్లీ నోరు మూసుకున్నాను. చెయ్యి మాత్రం తనంతట తాను కదిలింది. ఆయన కుడివీపు మీద అరచెయ్యి పెట్టి గట్టిగా నొక్కాను.

"కుడివైపు పెద్ద గుంపు ఉంది, చూపిస్తా రండి" అన్నాడు బాబాయి సంతోషంగా. చుక్కాని తిప్పాడు. పడవ కుడివైపుకు, దిబ్బ మీదికి తిరిగింది.

ఇంకా గట్టిగా నొక్కాను. ఇంకా పెద్ద గుంపు అనుకున్నాడు. ఇంకొంచెం తిప్పాడు.

గుంజ పడవ పక్కనుంచి, నా మోచేతికి అందేంత దగ్గరగా వెనక్కి పోయింది. మరుక్షణం దిబ్బ మొత్తం లేచింది. దుప్పటి దులిపినట్టు ఆ తెలుపంతా ఒక్కసారి గాల్లోకి లేచి అరవడం మొదలుపెట్టింది.

"బాబాయ్ ఆపు! లోపలికొచ్చేశాం, ఆపు!"

అరిచింది నేనేనని నాకు కాసేపటికి గానీ తెలియలేదు. మోటారు ఆగింది. మేడమ్ ఉలిక్కిపడి లేచి బల్ల పట్టుకుంది. రేడియో అప్పటికే గడ కర్ర నీళ్లలో దించి పడవను వెనక్కి తోస్తున్నాడు. పిట్టలు మా తలల మీదే తిరుగుతూ అరుస్తున్నాయి. ఇసుక మీద గుడ్లు విడివిడిగా, గచ్చకాయల్లా కనపడ్డాయి. ఇంతలో పైనుంచి బూడిదరంగు రెక్కలు దిగాయి.

"కాకులొచ్చాయా?" బాబాయి నన్నడిగాడు. ఎదురుగా చూస్తూనే, గుసగుసగా.

ఒకటి ముక్కున ఏదో కరుచుకుని పోవడం చూశాను. "వచ్చాయి" అన్నాను. అంతకంటే చెప్పలేదు.

పడవ గుంజల బయటికి వచ్చాక, చాలాసేపటికి, పిట్టలు ఒక్కొక్కటే దిగాయి.  కొడుకు కెమెరా దించేశాడు.

"ఏం జరిగింది?" అంది మేడమ్. నిద్ర పూర్తిగా వదిలిన గొంతు. "గుంజలు దాటి ఎలా పోయాం?"

బాబాయి పెదాలు కదిలాయి. 

"నాది తప్పు మేడమ్" అన్నాడు రేడియో. "నిన్న నేనే పాతించాను. ఎడం ఎక్కువైపోయింది. ఎండపొడలో మధ్యలో దారున్నట్టే కనపడుతుంది. ఎవరైనా పొరబడతారు."

"ఎడంగా పాతమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మేడమ్."

"మెమో ఇస్తాను. ఈ సీజన్‌లో దిబ్బ పని నువ్వు ముట్టుకోవద్దు."

"సరే మేడమ్."

అంతే. అంతటి రేడియో ఇక నోరెత్తలేదు. గుంజల మధ్య ఎడం నేను చూశాను. ఎక్కువేం లేదు. ఎద్దు కూడా దారనుకుని అందులోంచి పోదు. బాబాయి చెబుతాడని ఎదురు చూశాను. నా చెయ్యి ఇంకా ఆయన వీపు మీదే ఉంది. చొక్కా తడిసిపోయి ఉంది, ఊపిరి పొట్టిగా ఆడుతోంది. గది, పిన్ని, పడవ తాడు, అన్నీ ఆ వీపులో ఉన్నాయని నాకు తెలుసు. ఆయన చెప్పలేదు. మోటారు వేసి పడవ వెనక్కి తిప్పాడు.

నేను చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. కోపం వల్ల కాదు. ఇక ఆ చెయ్యి లేవలేదు, అంతే. బస్తా మోసి దించినవాడి చెయ్యిలా ఉంది.

కాస్త దూరం వచ్చాక ఎడమవైపు బురద మేట మీద గూడబాతులు బారులు తీరి ఉన్నాయి. అంత పెద్ద పిట్టలు, అంత దగ్గరగా.

"బాబూ, అవేంటి? సంచీలు తగిలించుకున్నట్టున్నాయి" అంది మామ్మగారు.

"ఏవండీ?" అన్నాడు బాబాయి. తల తిప్పాడు. కుడివైపుకు.

"అటు కాదు నాయనా. అవిగో, నీ పక్కనే ఉంటే!"

మేడమ్ వెనక్కి తిరిగి చూసింది. బాబాయి మోకాలితో నా మోకాలు తట్టాడు. "ఎటు?" అన్నాడు పెదాలు కదపకుండా. ముందు కూర్చున్న రేడియో వీపు నాకు కనపడుతోంది. ఎప్పుడూ కుదురుగా ఉండని మనిషి, వంగిపోయి గడ కర్ర వంక చూసుకుంటున్నాడు.

"ఎడమ పక్క బాబాయ్" అన్నాను. మెల్లగా అనాలనుకున్నాను గానీ అలా రాలేదు. "గూడబాతులు. చాలా ఉన్నాయి. నీకు కనపడవు."

  బాబాయి నన్ను తిడతాడనుకున్నాను. ఆయన వేగం తగ్గించి, చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, గట్టిగా ఊపిరి వదిలాడు.

"వాడిదేం తప్పు లేదు మేడమ్" అన్నాడు. "గుంజలు సరిగ్గానే పాతుంటాడు. నాకే కనపడలేదు. పక్కన ఉన్నదేదీ నాకు కనపడదు."

"ఎన్నాళ్ల నుంచి?"

"నిరుటి నుంచి మేడమ్."

"మరి ఈ అమ్మాయి?"

"నా పక్కచూపు మేడమ్" అన్నాడు బాబాయి.

మేడమ్ చాలాసేపు ఆయన్ని చూసింది. తర్వాత నన్ను. మొహం రుద్దుకుంది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేనట్టుంది. రేడియో లేచి, "నేను చుక్కాని పడతా మేడమ్" అన్నాడు.

"పట్టి ఎక్కడికి తీసుకెళతావు? నీకు వచ్చా?"

"రాదు మేడమ్."

"అయితే కూర్చో. ఆయన్నే నడపనివ్వు. అమ్మాయ్, నువ్వు చెప్పు. చేత్తో కాదు. నోటితో, మాకందరికీ వినపడేలా."

మిగతా దారంతా చెప్పాను. కుడివైపు మునిగిన మొద్దు బాబాయ్. ఎడమవైపు వల కర్రలు. కొంచెం లోపలికి. చాలు. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది, మధ్యలో బొంగురుపోయింది. మామ్మగారు తన నీళ్ల సీసా ఇచ్చింది. "బంగారుతల్లీ, ఇంత చక్కగా చెప్పగలిగినదానివి మొదట్నించీ చెప్పి ఉంటే అయిపోయేదిగా" అంది. కొడుకు "అమ్మా" అన్నాడు. "నిజమే అన్నానురా" అంది.

రేవులో మేడమ్ మోటారు తాళం చేతిలోకి తీసుకుంది. "రేపట్నించి పడవ ఇంకొకరు నడుపుతారు" అంది. "ఈ మనుషులకేమైనా అయ్యుంటే?"

"రోజూ అదే అనుకుంటాను మేడమ్" అన్నాడు బాబాయి.

"గది సంగతి సీజన్ అయ్యేదాకా ఎవరూ అడగకుండా చూస్తాను. ఆ తర్వాత నా చేతిలో లేదు. టిక్కెట్ల దగ్గర ఏమైనా పని ఉందేమో అడుగుతాను. అడుగుతాననే, ఇప్పిస్తానని కాదు."

ఆమె జీపు వెళ్లిపోయాక నేను రేడియో దగ్గరికి వెళ్లాను. ఆయన కౌంటరు తలుపు తీసుకుంటున్నాడు. "మీకు ముందే తెలుసా?" అన్నాను.

"మీ బాబాయి నా కాలు తొక్కి, నావైపు చూడకుండా 'ఎవరది' అన్నాడు ఓసారి. అప్పుడే తెలిసింది."

"మరి ఎవరికీ చెప్పలేదు!"

"ఏం, రేడియోకి ఆపే మర ఉండదనుకున్నావా?" అని లోపలికి పోయాడు. అది కూడా ఆయన ఎప్పటిలా అనలేదు.

బాబాయి గదిలోకి వచ్చి చొక్కా విప్పకుండానే చాప మీద పడుకున్నాడు. మధ్యాహ్నం అన్నం తినలేదు. నాతో మాట్లాడలేదు. "నా మీద కోపమా బాబాయ్" అంటే, కళ్లు మూసుకునే, "లేదురా. పడుకోనీ" అన్నాడు. సాయంత్రం దాకా ఒక్కసారి కూడా పక్కకు తిరగకుండా నిద్రపోయాడు. నేను గిన్నెలు తోముకుంటూ, పిన్నికి ఎలా చెప్పాలా అని రకరకాలుగా మాటలు కూర్చుకున్నాను. ఏదీ కుదరలేదు.

పిన్ని చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి బాబాయి లేచి కూర్చుని ఉన్నాడు. నాకు అవకాశం ఇవ్వలేదు. ఆమె కూర్చోకముందే అంతా చెప్పేశాడు, కాకుల సంగతితో సహా. నేను అన్న మాట కూడా చెప్పాడు, అన్నది అన్నట్టే.

పిన్ని నా వైపు చూసింది. ఆ చూపు ఎప్పటికీ మర్చిపోను. "ఇంకొన్నాళ్లు ఆగలేకపోయావా?" అంది. "మా నోట్లో మట్టి కొట్టడానికే వచ్చావా మా ఇంటికి?"

నాకు ఏడుపొచ్చింది. బాబాయి, "దాన్నేం అనకు. అనాల్సింది నన్ను" అన్నాడు.

"మిమ్మల్నీ అంటాను. కొంచెం తగ్గిందన్నారు. కొంచెం తగ్గినవాడికి గూడబాతు కనపడదా? అంతలావు పిట్ట!"



"ఎంత తగ్గింది?" అంది పిన్ని. చెప్పులు కింద పడేసి ఆయన పక్కకు వెళ్లి నిలబడింది. ఆయన చెవికి ఎదురుగా చెయ్యి చాపింది. "ముందుకే చూడండి. నా చెయ్యి కనపడుతోందా?"

"లేదు."

చెయ్యి కొంచెం ముందుకు జరిపింది. "ఇప్పుడు?"

"లేదు."

చెయ్యి కనుకొలకు దాకా వచ్చింది. "ఇప్పుడు?"

"లేదే."

పిన్ని "ఇప్పుడు?" అంటూ ఇంకా జరిపింది. కన్ను దాటి, ఆయన ముక్కుకు దాదాపు సూటిగా వచ్చేదాకా జరుపుతూనే ఉంది.

"ఆఁ. ఇప్పుడు" అన్నాడు బాబాయి.

"ఇంతేనా?"

"ఇంతే."

"ఇంతతో రోజూ నీళ్ల మీదికి పోతున్నారా? ఈ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని? కూర్చోబెట్టింది నేనేగా..." అని ఆగిపోయింది. నన్ను దగ్గరికి రమ్మనలేదు, ఏమీ అనలేదు. తిట్టిన మాట వెనక్కి తీసుకోలేదు కూడా. బయట ఎవరో పడవను గట్టు మీదికి లాగుతున్న చప్పుడు వినపడుతోంది.

"గది వెతుక్కోవాలి" అంది చివరికి.

"ఊఁ" అన్నాడు బాబాయి.

రోజంతా ఇస్త్రీపెట్టె మోసిన చెయ్యి అది.  అయినా పిన్ని దాన్ని దించలేదు. ఆయనకు కనపడే ఆ ఒక్క చోటే అలా పట్టుకుని నిలబడింది.